పది కీబోర్డులు, ఒక చెయ్యి: ఎలక్ట్రానిక్ వ్యర్థాలతో శిల్పం చేసే విధానం

2022లో ప్రపంచం మొత్తం మీద పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులనీ, వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి 2024లో వెలువరించిన నివేదిక చెబుతోంది. పది కీబోర్డులు విప్పి ఒక శిల్పం చేసినంత మాత్రాన ఆ గుట్టలో గుప్పెడు కూడా తగ్గదు. ఈ సంగతి మొదటే ఒప్పుకోవడం మంచిది. పర్యావరణానికి ఏదో మేలు చేశామన్న తృప్తితో పని మొదలుపెట్టినవారు చాలామంది ఆ తృప్తి దగ్గరే ఆగిపోతారు. చేతిలో ఉన్న వస్తువు ఎవరి దగ్గర ఎన్నేళ్లు ఉందో, ఎలా అరిగిందో, ఎందుకు బయటపడేయబడిందో చూడరు. సమాజం మీద సాంకేతికత ప్రభావాన్ని గురించి శిల్పం ఏమైనా చెప్పగలిగితే ఆ అరుగుదల ద్వారానే చెప్పగలదని నా అభిప్రాయం. కింద వివరించిన విధానమంతా ఆ అభిప్రాయం మీదే నిలబడి ఉంది.

ఉదాహరణకు ఒకే పనిని మొదటినుంచి చివరిదాకా తీసుకుంటాను: పాత కీబోర్డుల మీటలతో అరవై సెంటీమీటర్ల ఎత్తున మనిషి అరచెయ్యి. మొదటిసారి చేసేవారికి కీబోర్డు అన్నివిధాలా అనువైనది. వైరు ఉన్న మామూలు కీబోర్డులో బ్యాటరీ ఉండదు, అధిక వోల్టేజీ ఉండదు, పగిలే గాజు ఉండదు.

ముందు ప్రశ్న, తరువాతే వస్తువు

సామగ్రి కుప్పపోసుకుని దాని ముందు కూర్చుంటే చేతులు వాటంతట అవే రోబోను గానీ గుడ్లగూబను గానీ తయారుచేస్తాయి. గుండ్రటి స్పీకర్లు రెండు పక్కపక్కన పెట్టగానే కళ్లలా కనిపించడమే అందుకు కారణం. అవి చూడముచ్చటగా ఉండవచ్చు, కానీ అదే గుడ్లగూబను చెక్కతోనో రేకుతోనో చేసినా ఏమీ మారదు. మీ ఆలోచనను పరీక్షించుకోవడానికి ఇదొక్కటే చాలు: ఈ శిల్పాన్ని వేరే పదార్థంతో చేస్తే అర్థం చెక్కుచెదరకుండా ఉంటుందా? ఉంటుందనిపిస్తే ఎలక్ట్రానిక్ వ్యర్థం అక్కడ అలంకారం మాత్రమే.

ఈ పరీక్షకు నిలిచే పనులను పరిశీలిస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క దారిలో నిలుస్తుంది. 2005లో బ్రిటన్‌లో పాల్ బొనొమిని రూపొందించిన 'వీ మ్యాన్' ఏడు మీటర్ల ఎత్తూ 3.3 టన్నుల బరువూ ఉన్న మానవాకృతి. ఆ దేశంలో సగటు మనిషి జీవితకాలంలో వదిలిపెట్టే విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యర్థాల బరువుకు సమానంగా దాన్ని నిర్మించారు, కాబట్టి అక్కడ బరువే విషయం. వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ 1995లో 336 టెలివిజన్లతో, నియాన్ గొట్టాలతో అమెరికా పటాన్ని నిలబెట్టినప్పుడు అందులోని తెరలన్నీ వెలుగుతూనే ఉండాలి. ఆరిపోయిన తెరలతో చేసి ఉంటే అది వేరే శిల్పం అయ్యేది. పరికరం బతికి ఉండాలా, చచ్చిపోయి ఉండాలా అన్నది మీరు కూడా మొదటిరోజే తేల్చుకోవలసిన విషయం.

మన చెయ్యి వెనుక ఉన్న ప్రశ్న ఇది: కంప్యూటర్ ముందు గడిచిన శ్రమ ఎక్కడైనా గుర్తుగా మిగులుతుందా? తెర మీద ఏమీ మిగలదు, మీటల మీద మిగులుతుంది. అందుకే పదార్థం కీబోర్డు అయింది, ఆకారం చెయ్యి అయింది. ప్రశ్నను ఇలా ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించుకోండి. పని మధ్యలో అందమైన రాగి చుట్టలు, మెరిసే హార్డ్‌డిస్క్ పళ్లేలు కంటపడి మనసు లాగుతున్నప్పుడు ఆ వాక్యమే అడ్డుకుంటుంది.

సేకరణ, చిట్టా

ఇంకా పనిచేస్తున్న పరికరాన్ని శిల్పం కోసం విప్పవద్దు. వాడుకోగలిగినవారికి దాన్ని ఇవ్వడమే సరైన పని. పాడైనవాటి కోసం బంధుమిత్రులనూ, కార్యాలయాలనూ, మరమ్మతు చేసేవారినీ అడగండి. అడిగేటప్పుడు వస్తువుతోపాటు దాని కథను కూడా తీసుకోండి. ఒక నోటుపుస్తకంలో ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వరుస కేటాయించి, అది ఏమిటో, సుమారుగా ఎప్పుడు కొన్నారో, ఏ పనికి వాడారో, ఎందుకు మూలపడిందో రాసుకోవాలి. 'పాడైంది' అని రాసి ఊరుకోకుండా గుచ్చి అడిగితే చాలాసార్లు వేరే జవాబు వస్తుంది: కొత్త కంప్యూటర్‌కు పాత సాకెట్ లేదు, సాఫ్ట్‌వేర్ మారింది, ఆఫీసులో అందరికీ ఒకేసారి మార్చారు. వస్తువు చెడిపోకముందే దాని కాలం చెల్లిపోయిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో ఆ చిట్టాయే చూపిస్తుంది. ప్రదర్శన రోజున శిల్పం పక్కన పెట్టడానికి దానికి మించిన వివరణ ఉండదు.

ఫోన్లు, హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు తీసుకునేటప్పుడు యజమాని ఎదుటే సిమ్, మెమరీ కార్డు తీసి ఇచ్చేయండి. డిస్కులో సమాచారం ఉండిపోయే అవకాశం ఉంటే, అది తుడిపించిన తరువాతే తీసుకోండి. ఫైళ్లను డిలీట్ చేయడం తుడవడం కాదు. డిస్కు మొత్తం మీద తిరిగి రాయాలి.

విప్పకూడనివి

ఈ భాగాన్ని ఆసాంతం చదవకుండా స్క్రూడ్రైవర్ పట్టవద్దని మనవి.

పాత టెలివిజన్లు, మానిటర్లలో ఉండే పిక్చర్ ట్యూబును విప్పవద్దు. లోపల శూన్యం ఉంటుంది కాబట్టి గాజు పగిలితే ముక్కలు విసురుగా ఎగురుతాయి, ఆ గాజులో సీసం ఉంటుంది, ట్యూబులో నిలిచి ఉండే విద్యుదావేశం వేల వోల్టుల స్థాయిలో ఉంటుంది. మైక్రోవేవ్ ఒవెన్‌ను అసలే ముట్టుకోవద్దు. అందులో విద్యుత్తును నిలువచేసే కెపాసిటర్ అనే భాగం ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీయగలదు. కంప్యూటర్ పవర్ సప్లై, ఫ్లాష్ ఉన్న పాత కెమెరా కూడా ఇదే కోవలోకి వస్తాయి. 230 వోల్టుల సరఫరా మీద నడిచే పవర్ సప్లైలో ప్రధాన కెపాసిటర్ దాదాపు 325 వోల్టుల వరకు ఆవేశాన్ని నిలుపుకుంటుంది.

ఎల్‌ఈడీలు రాకముందు తయారైన చదునైన తెరల వెనుక పెన్సిల్ కంటే సన్నని ఫ్లోరసెంట్ గొట్టాలు ఉంటాయి, వాటిలో పాదరసం ఉంటుంది. లేజర్ ప్రింటర్ల టోనర్ పొడి ఊపిరితిత్తులలోకి పోయేంత సన్నగా ఉంటుంది. ఇక లిథియం బ్యాటరీల విషయంలో ఒకటే నియమం: ఉబ్బినదాన్ని గుచ్చవద్దు, వంచవద్దు, పీకవద్దు. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్‌ను అలాగే అధీకృత సేకరణ కేంద్రానికి చేర్చండి.

సర్క్యూట్ బోర్డును పట్టుకోవడం వల్ల పెద్ద ప్రమాదం లేదు, కోయడం వల్లే ఉంది. బోర్డు అంటే ఎపాక్సీలో, అంటే ఆరి గట్టిపడే జిగురులో, తడిపిన గాజునార. రంపం పెడితే గాజు ధూళి లేస్తుంది, దానితోపాటు మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు కూడా లేస్తాయి. తప్పనిసరిగా కోయవలసి వస్తే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, బోర్డును నీటితో తడుపుతూ చేతి రంపంతో ఆరుబయట కోయండి. టంకంలో సీసం వాడకాన్ని యూరప్ 2006 జులై 1 నుంచి నియంత్రించింది. అంతకు ముందరి బోర్డులన్నింటిలోనూ సీసం ఉందనే భావించి, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పనిబల్ల దగ్గర తినకూడదు. రాగి కోసం వైర్లు తగలబెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. వ్యర్థాల గుట్టల మీద బతికేవారు ఏ విషాన్ని పీలుస్తున్నారో చెప్పదలచుకున్న శిల్పి అదే విషాన్ని ఇంకాస్త గాలిలో కలపడం కంటే విడ్డూరం లేదు.

కీబోర్డును విప్పడం

కీబోర్డును బోర్లించి వెనుక స్క్రూలన్నీ తీయండి. అన్నీ తీసినా డొప్ప రాకపోతే బలప్రయోగం చేయవద్దు. ఒక స్క్రూ చాలావరకు కంపెనీ లేబుల్ కిందో, రబ్బరు కాలి కిందో దాక్కుని ఉంటుంది. లేబుల్ మీద వేలితో నొక్కుతూ పోతే గుంట తగిలే చోటే అది ఉంటుంది. పై డొప్ప విడిపోగానే మూడు పలుచని ప్లాస్టిక్ పొరలు కనిపిస్తాయి. పై పొర మీదా కింది పొర మీదా వెండిరంగు సిరాతో ముద్రించిన దారులు ఉంటాయి, మధ్య పొరలో రంధ్రాలు మాత్రమే ఉంటాయి. మీటను నొక్కినప్పుడు ఆ రంధ్రం గుండా రెండు దారులు తాకుతాయి. జీవితమంతా టైపు చేసినవారు కూడా ఈ పొరలను చూసి ఉండరు. చిరగకుండా తీసి చుట్టచుట్టి దాచండి, వాటితో పని ఉంది.

మీటలను స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే అంచులు గాట్లుపడతాయి. రెండు పేపరు క్లిప్పులను సాగదీసి, కొసలు లోపలికి వంచి, మీట ఎదురెదురు మూలల కింద దూర్చి నిటారుగా పైకి లాగితే ఒక్క గీత పడకుండా వస్తుంది. స్పేస్ బార్, ఎంటర్ మీటల కింద సన్నని ఇనుప తీగ ఉంటుంది. దాన్ని ముందుగా పక్కకు జరిపి కొక్కెం నుంచి తప్పించాలి.

కడగడానికి ముందు ప్రతి కీబోర్డునూ, ప్రతి మీట వరుసనూ ఫొటో తీయండి. నేను మొదటిసారి ఆరు కీబోర్డుల మీటలను ఒకే బకెట్‌లో సబ్బునీళ్లలో నానబెట్టి, తెల్లవారి తళతళలాడుతుంటే మురిసిపోయాను. ఆరబెట్టిన తరువాత అర్థమైంది, ఏ మీట ఎవరిదో తెలియదు, ఎక్కడ వేలు ఆగేదో చెప్పే మురికి మొత్తం పోయింది. ఎవరూ తాకని మీటల మీద దుమ్ము పేరుకుంటుంది, రోజూ తాకే మీటల నడుమ శుభ్రంగా ఉండి అంచుల చుట్టూ నల్లటి చార పేరుకుంటుంది. ఆ చార నాకు కావలసిన సాక్ష్యం. ఇప్పుడు ఒక్కొక్క కీబోర్డు మీటలను విడివిడి సంచుల్లో వేసి, పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, చెమట జిడ్డు మరీ ఎక్కువగా ఉన్నచోట మాత్రమే తడిబట్టతో తుడుస్తున్నాను.

అరుగుదలను చదవడం

మీటలను వెలుతురు పక్కనుంచి పడేలా బల్లమీద పరచండి. గరుకుగా ఉండవలసిన ప్లాస్టిక్ వేళ్ల రాపిడికి నునుపెక్కి, ఏటవాలు వెలుగులో మెరుస్తుంది. స్పేస్ బార్‌ను చూడండి: దాదాపు పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న ఆ పట్టీ మీద, కుడివైపున, బొటనవేలి గోరంత మేర మెరుపు ఉంటుంది, మిగతాదంతా కొత్తదానిలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే వేలు ఒకేచోట పడిందన్నమాట. కుడివైపు అంకెల మీటలు మాత్రమే అరిగిపోయి అక్షరాలు కొత్తగా ఉన్న కీబోర్డు లెక్కలు ఎక్కించిన మనిషిది. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగే చెరిగిపోయి ఉంటే అది ఆటలాడినవారిది. డిలీట్, బ్యాక్‌స్పేస్ బాగా నునుపెక్కిన కీబోర్డు ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని వాడినవారి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

కాబట్టి మీటలను అక్షరాల వారీగా గానీ రంగుల వారీగా గానీ వేరుచేయకుండా, అరుగుదల వారీగా మూడు కుప్పలు పెట్టండి: అసలు తాకనివి, ఓ మాదిరిగా అరిగినవి, అక్షరం చెరిగిపోయినవి. శిల్పంలో వేలికొసలకు మూడో కుప్ప, అరచేతికి రెండోది, మణికట్టు వైపు మొదటిది వెళతాయి. బొటనవేలిని మొత్తంగా స్పేస్ బార్‌లతో కట్టాలి, మెరుపు మచ్చలన్నీ ఒకే వైపుకు వచ్చేలా. పసుపెక్కిన పాత ప్లాస్టిక్‌కు రంగు వేయవద్దు. ఆ పసుపు కాంతికీ కాలానికీ గుర్తు. స్ప్రే పెయింట్ కొడితే శిల్పం ఒక్కరోజులో అందంగానూ, మూగగానూ తయారవుతుంది.

లెక్క, నమూనా, చట్రం

ఎన్ని మీటలు కావాలో ముందే లెక్కవేసుకోవచ్చు. కీబోర్డులో మీటకూ మీటకూ మధ్య దూరం దాదాపు 19 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కొక్క మీట సుమారు 3.6 చదరపు సెంటీమీటర్లను కప్పుతుంది. అరవై సెంటీమీటర్ల చేతికి రెండు వైపులా, పక్కలతో కలిపి సుమారు 2,800 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. అంటే 780 మీటల దాకా కావాలి. పూర్తిస్థాయి కీబోర్డులో 104 మీటలు ఉన్నా, వెడల్పు మీటలు పోను ఒకే కొలత ఉన్నవి ఎనభై, తొంభై మాత్రమే మిగులుతాయి. అందుకే పది కీబోర్డులు.

తరువాత ఇరవై సెంటీమీటర్ల నమూనాను మట్టితో చేయండి. వేళ్లు ఎలా ఉండాలన్నది ఇక్కడే తేలాలి. బిగించిన పిడికిలి ఒక మాట చెబుతుంది, చాచిన చెయ్యి ఇంకొకటి. టైపు చేస్తున్నప్పుడు వేళ్లు కొద్దిగా వంగి గాలిలో వేలాడే భంగిమను నేను ఎంచుకున్నాను, ఎందుకంటే అది పని చేస్తున్న చెయ్యో, అలసి ఆగిన చెయ్యో చూసినవారు వెంటనే తేల్చుకోలేరు.

మణికట్టు నుంచి అరచేతి మధ్యదాకా 6 మిల్లీమీటర్ల ఇనుప ఊచను వాడి, దాన్ని చెక్క పీఠానికి నట్టు, వాషర్లతో బిగించండి. వేళ్లకు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగను జంటగా మెలిపెట్టి ఊచకు బైండింగ్ వైరుతో కట్టండి. ఈ అస్థిపంజరం మీద అర అంగుళం కన్నులున్న ఇనుప తీగల జాలీని కత్తిరించి, చేతి ఆకారంలో తొడగండి. జస్తా (జింకు) పూత ఉన్న జాలీని వెల్డింగ్ చేయకూడదు, పొగ హానికరం. కట్టుతీగలతో కుట్టితే చాలు. మీటలన్నీ కలిపినా కిలో బరువు ఉండదు గానీ, ఎత్తుగా ఉన్న శిల్పం తోసుకుంటే పడిపోతుంది. పాత కీబోర్డుల లోపల ఉండే ఇనుప పలకలను పీఠం అడుగున పేర్చి స్క్రూలు బిగిస్తే బరువు కిందికి వస్తుంది.

జాలీ తొడగడానికి ముందే, ఇంతకుముందు దాచిపెట్టిన ప్లాస్టిక్ పొరలను వేళ్ల తీగల పొడవునా చుట్టండి. చతురస్రపు మీటలు వంపుల మీద కూర్చోవు, వాటి మధ్య ముక్కోణపు సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి వెండిరంగు దారులు నరాల్లా కనిపిస్తాయి. సందులను పూడ్చాలన్న ఆరాటం వదులుకోండి.

అతకడం

ఈ రకం శిల్పాలు ఏడాది తిరగకుండా రాలిపోతే అందుకు చాలావరకు జిగురే కారణం. హాట్ గ్లూ నున్నని లోహాన్నీ ప్లాస్టిక్‌నూ గట్టిగా పట్టదు, ఎండలో మెత్తబడుతుంది. సూపర్ గ్లూ వెంటనే పట్టినా, ఆరేటప్పుడు దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరగా పేరుకుంటుంది. మెరుపును చూపించడమే మన ఉద్దేశమైనప్పుడు అది పనిని పాడుచేస్తుంది. రెండు భాగాల ఎపాక్సీ నమ్మదగినది, కానీ అతికే చోటును ముందు గరుకుకాగితంతో రుద్దాలి.

మీటలకు మాత్రం జిగురు వద్దనే చెబుతాను. మీట అంచు గోడల్లో ఎదురెదురుగా 1.5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, అర మిల్లీమీటరు రాగి తీగ దూర్చి, జాలీ కన్నులోంచి తీసుకువెళ్లి వెనుక మెలిపెట్టండి. వేలికొస నుంచి మొదలుపెట్టి మణికట్టు వైపు రావాలి. చేపపొలుసుల్లా ఒక వరుస అంచు తరువాతి వరుస కిందికి కొద్దిగా వెళితే వంపులు సాఫీగా వస్తాయి. 780 మీటలకు అనేక సాయంత్రాలు పడతాయి. మణికట్టు నొప్పి పుడుతుంది. ఏ శ్రమ గురించి శిల్పం చేస్తున్నారో ఆ శ్రమ రుచి చూసినట్టవుతుంది గానీ, అరగంటకోసారి ఆగి వేళ్లు చాపుకోవాలి.

వెలుగు కావాలా?

చాలా శిల్పాలకు అక్కర్లేదు. లోపలనుంచి రంగురంగుల దీపాలు వెలిగిస్తే చూపు అరుగుదల మీదనుంచి తప్పుకుంటుంది. నేను కీబోర్డు మీది మూడు చిన్న సూచిక దీపాలను మాత్రం మణికట్టు లోపలివైపు, నాడి చూసేచోట పెట్టాను. మూడో దీపం స్క్రోల్ లాక్‌ది. ఆ మీట దేనికో తెలిసినవారు ఇప్పుడు అరుదు, అయినా అది కీబోర్డుల మీద దశాబ్దాలుగా ఉంటూనే వచ్చింది.

ఇంటి కరెంటును నేరుగా శిల్పంలోకి తీసుకురావద్దు. మూసివున్న 12 వోల్టుల అడాప్టర్ చాలు. ఒక్కొక్క ఆకుపచ్చ ఎల్‌ఈడీ దాదాపు 2.1 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి మూడింటిని వరుసగా కలిపితే 6.3 వోల్టులు అవుతుంది. మిగిలిన 5.7 వోల్టులను, కరెంటును అదుపుచేసే రెసిస్టర్ మోయాలి. 680 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాదాపు 8 మిల్లీఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి, దీపాలు మందంగా వెలుగుతాయి, వేడెక్కవు. జాలీ లోహం కాబట్టి ప్రతి టంకం అతుకు మీదా వేడికి ముడుచుకుని పట్టుకునే ష్రింక్ ట్యూబు తొడగడం మరువవద్దు.

ప్రదర్శన, మిగిలిన సామగ్రి

శిల్పం మీద వెలుతురు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడాలి, లేకపోతే మెరుపు మచ్చలు కనిపించవు. శీర్షిక క్లుప్తంగా ఉండనివ్వండి. పక్కన సేకరణ చిట్టాను తెరిచి ఉంచండి. అందులో వ్యక్తుల పేర్లు ఉంటే తీసేసి, పనీ సంవత్సరమూ మాత్రం మిగల్చండి. వీలైతే అరగని కీబోర్డు ఒకటి అందుబాటులో పెట్టండి. చూసినవారిలో కొందరు తమ బొటనవేలిని స్పేస్ బార్ మీద ఎక్కడ ఆనించారో గమనించి, శిల్పం వైపు తిరిగి చూడటం నేను చూశాను.

పది కీబోర్డుల్లో శిల్పంలోకి వెళ్లేది కొంతే. మిగిలిన డొప్పలు, చిన్న సర్క్యూట్ బోర్డులు, వైర్లు, రబ్బరు పొరలు విడివిడిగా కట్టలు కట్టి అధీకృత రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వండి, మామూలు చెత్తలో వేయవద్దు. శిల్పం కూడా ఏదో ఒకనాడు ఎవరికో అడ్డం అవుతుంది. జిగురు వద్దని చెప్పడంలో ఇదీ ఒక కారణమే: తీగ కత్తిరిస్తే మీట ఊడి వస్తుంది, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే, ఇనుము ఇనుముగానే వేరవుతాయి. ఏ నట్టు ముందు విప్పాలో, అడాప్టర్ వైరు ఎక్కడ తెగ్గొట్టాలో, లోపల ఏయే పదార్థాలు ఉన్నాయో చిన్న బొమ్మ గీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పీఠం అడుగున ఇనుప పలకలకు ఇవతల అంటించి ఉంచండి.